బ్యాంకు రుణం లేకుండా బీటెక్ చదివించడం ఎలా?

ఎంసెట్, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్, ఫలితాలు వచ్చిన మరుసటి రోజు నుంచి నన్ను అడిగే ప్రశ్న ఏటా ఒక్కటే: "ఈ ర్యాంకుకు అప్పు చేయకుండా చదివించగలమా?" ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో చాలా ఏళ్లు కూర్చున్నవాడిగా, ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను. విద్యారుణం కోసం బ్యాంకుకు వచ్చే కుటుంబాల్లో ఎక్కువ మందికి అప్పు మొదలైనది బ్యాంకులో కాదు, వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో కావలసిన కాలేజీల వరుస, పెట్టిన వారంలో. నాలుగేళ్లలో తమ చేతి నుంచి పోయే మొత్తం ఎంతో లెక్క వేయకుండా కాలేజీ పేరు చూసి ఆప్షన్లు పెడతారు, రెండో ఏడాది ఫీజు కట్టే నాటికి లోటు బయటపడుతుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా తెలంగాణలో కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్ ద్వారా ర్యాంకును బట్టి నింపే సీట్లలో, చేరేవారికి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

దగ్గర ఉంచుకోవలసినవి

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, మీసేవ ద్వారా తాజాగా తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, విద్యార్థి పేరు మీద బ్యాంకు పాస్‌బుక్, ర్యాంకు కార్డు అవసరం. సీటు వచ్చాక అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ ఇచ్చే ప్రతి రసీదు వీటికి తోడవుతాయి. వీటితో పాటు ఒక పాత నోటుబుక్కు, మరొకరిది కాని సొంత మొబైల్ నంబరు కూడా ఉండాలి. ఆ నంబరు గురించి ఎందుకు చెబుతున్నానో ఆరో దశలో అర్థమవుతుంది.

1. ముందు అర్హతను తేల్చుకోండి

అర్హులైన విద్యార్థుల ఫీజును ప్రభుత్వమే భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఎత్తున మొదలైంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. బీసీ, ఈబీసీ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవారు), మైనారిటీ కుటుంబాలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో నిమిత్తం లేకుండా కాలేజీకి ఖరారైన ట్యూషన్ ఫీజు మొత్తం వర్తిస్తుంది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఈఏపీసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు వర్తిస్తుంది, అది దాటితే ఏడాదికి గరిష్ఠంగా 35 వేల రూపాయలే అందుతుంది, మిగతాది మీరు కట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు, దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్‌లో ఉంటుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు మూడున్నాయి. మొదటిది, మేనేజ్‌మెంట్ కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరి, తరువాత రీయింబర్స్‌మెంట్ వస్తుందని నమ్మడం. అది రాదు, "మేం చూసుకుంటాం" అని కాలేజీ ప్రతినిధి నోటిమాటగా చెప్పినా రాదు. రెండోది, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం ఉంటే ఫీజు మాఫీ అవుతుందనుకోవడం. 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఓసీ కుటుంబాలకు అది సీటు రిజర్వేషన్ ఇస్తుంది, ఫీజుకు మాత్రం ఈబీసీ కింద ఆదాయ పరిమితి వేరుగా ఉంటుంది. మూడోది, ఇంటర్ విజయవాడలోనో గుంటూరులోనో చదివి, స్థానికత గురించి ఆలోచించకపోవడం. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడిగేది స్థానికత తేల్చడానికే కాబట్టి ఒక్క ఏడాది సర్టిఫికెట్ కూడా లోపించకూడదు.

2. నాలుగేళ్ల లెక్కను కాగితం మీద వేయండి

ఇది ఈ పనిలో అన్నిటికంటే విలువైన అరగంట. నోటుబుక్కులో ప్రతి కాలేజీకి ఒక పేజీ కేటాయించి, ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజు, అందులో రీయింబర్స్‌మెంట్ భాగం, బస్సు లేదా హాస్టల్, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ అని వరుసగా రాయండి. తెలంగాణలో 2022లో ఖరారైన ఇంజినీరింగ్ ఫీజుల్లో కనిష్ఠం 45 వేలైతే, పేరున్న కాలేజీల్లో అది లక్షన్నర దాటింది. రెండూ కన్వీనర్ కోటా ఫీజులే. "కన్వీనర్ సీటే కదా, ఫీజు తక్కువే" అన్న మాటకు అర్థం లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. బీసీ విద్యార్థి, ర్యాంకు 28 వేలు అనుకోండి. మొదటి కాలేజీ ఫీజు 1,20,000. ప్రభుత్వ వాటా 35,000 పోగా 85,000 మిగులుతుంది. కాలేజీ బస్సుకు 30,000, పుస్తకాలు, పరీక్షలకు 10,000 కలిపితే ఏడాదికి 1,25,000, నాలుగేళ్లకు 5 లక్షలు. రెండో కాలేజీ ఫీజు 65,000. ప్రభుత్వ వాటా పోగా 30,000. ఊరు దూరం కాబట్టి ప్రైవేటు హాస్టల్‌కు 60,000, పుస్తకాలకు 10,000 కలిపితే ఏడాదికి లక్ష, నాలుగేళ్లకు 4 లక్షలు. ఇంతవరకు తేడా పెద్దగా లేదనిపిస్తుంది. అయితే అదే ఊళ్లో బీసీ సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్‌లో సీటు దొరికితే ఆ 60,000 తప్పిపోయి, నాలుగేళ్ల మొత్తం 1,60,000కు దిగుతుంది. అంటే నెలకు 3,300 చిల్లర. ఒక కుటుంబం చీటీ కట్టి తట్టుకోగల మొత్తానికీ, బ్యాంకు మేనేజర్ ముందు కూర్చోవలసిన మొత్తానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క హాస్టల్ సీటే. అందుకే ఏ ఊళ్లో ఏ సంక్షేమ హాస్టల్ ఉందో ఆప్షన్లు పెట్టేలోపే కనుక్కోమని అందరికీ చెబుతుంటాను. కాలేజీలో చేరాక వెతికితే అప్పటికే సీట్లు నిండిపోయి ఉంటాయి.

3. ఆ లెక్క ప్రకారమే ఆప్షన్లు పెట్టండి

నాలుగేళ్ల మొత్తం మీ కుటుంబం భరించలేనిదైన కాలేజీని ఆప్షన్ల జాబితాలోంచి తీసేయండి, కిందికి జరపడం చాలదు. జాబితాలో ఉన్న ఏ సీటైనా రావచ్చు, వచ్చాక వదులుకోవడం మనసుకు కష్టం. యూనివర్సిటీ కాలేజీల్లో రెగ్యులర్ కోర్సు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు పక్కపక్కనే కనిపిస్తాయి, ఒకే ప్రాంగణమైనా ఫీజులు వేరు కనుక కోడ్ చూసి ఎంచుకోండి.

ఈఏపీసెట్ ఒక్కటే దారి కాదన్నది గుర్తుంచుకోవాలి. జేఈఈ ద్వారా ఎన్‌ఐటీల్లో, ఐఐటీల్లో చేరే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతుల మాఫీ. వరంగల్ ఎన్‌ఐటీ ఫీజు చూసి భయపడి వెనక్కి తగ్గేవారికి చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంటర్‌కు ముందే ఆలోచించేవారికి బాసరలోని ట్రిపుల్ ఐటీ, ఆంధ్రలో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి. పదో తరగతి మార్కులతో ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటారు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు.

పాలిటెక్నిక్ దారిని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, నాకది సబబుగా తోచదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు కొన్ని వేలు మాత్రమే. మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు కాబట్టి, ఇంజినీరింగ్ కాలేజీకి కట్టవలసిన ఫీజు నాలుగేళ్లకు బదులు మూడేళ్లకే ఉంటుంది.

4. కాగితాలన్నిటిలో ఒకే పేరు ఉండేలా చూడండి

టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకులో అసలు లేకుండా ఉన్న దరఖాస్తులు నా బల్ల మీదికి ప్రతి ఏడాది పదుల సంఖ్యలో వచ్చేవి. ప్రమాణం టెన్త్ మెమోనే. ముందు ఆధార్‌ను మెమోకు సరిపోయేలా దిద్దించి, ఆ తరువాత బ్యాంకు వివరాలు మార్పించాలి. ఈ వరుస తిరగబడితే రెండుసార్లు తిరగవలసి వస్తుంది. ఆధార్ సవరణకు రోజులు పడుతుంది కనుక ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే మొదలుపెట్టండి. ఆదాయ ధ్రువపత్రం మాత్రం మరీ ముందుగా తీసుకోకండి. కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో ఏ తేదీ తరువాత జారీ అయినది చెల్లుతుందో రాస్తారు, అంతకు ముందుదాన్ని తిప్పి పంపుతారు.

5. బ్యాంకు ఖాతాను పరీక్షించండి

బడిలో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా చాలామందికి ఉంటుంది. 18 ఏళ్లు నిండాక కేవైసీ ఇచ్చి దాన్ని మేజర్ ఖాతాగా మార్చకపోతే అది స్తంభించిపోతుంది. పరిమిత కాగితాలతో తెరిచే చిన్న ఖాతాల్లో నిల్వ 50 వేలు దాటకూడదన్న నిబంధన ఉంది, కాబట్టి పెద్ద మొత్తం వస్తే ఇబ్బంది అవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఆధార్ సీడింగ్, అంటే ప్రభుత్వ డబ్బు జమ కావడానికి ఆధార్‌ను ఒక ఖాతాతో జోడించడం. ఖాతాకు ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే వస్తుందని అర్థం కాదు, ఆధార్‌తో చివరిగా సీడ్ అయిన ఖాతాకు వెళుతుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిస్తే ఏ బ్యాంకు పేరు కనిపిస్తుందో అదే మీ ఖాతా. ఆ తరువాత ఎవరో చెప్పారని కొత్త ఖాతా తెరిచి, అక్కడి ఫారంలో సీడింగ్‌కు ఒప్పుకుంటే డబ్బు దారి మళ్లుతుంది.

6. ఈపాస్‌లో దరఖాస్తు చేయండి

కాలేజీలో చేరిన తరువాత తెలంగాణ ఈపాస్ పోర్టల్‌లో ఫ్రెష్ దరఖాస్తు నింపాలి. ఆపై కాలేజీ పరిశీలన, విద్యార్థి వేలిముద్ర నమోదు, ప్రింటు ప్రతి కాలేజీలో అప్పగించడం, జిల్లా సంక్షేమ అధికారి మంజూరు అనే మెట్లు ఉంటాయి. దరఖాస్తు నంబరు రాగానే పని అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. వేలిముద్ర వేయని దరఖాస్తు ముందుకు కదలదు, దాని గురించి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

ఇప్పుడు మొబైల్ నంబరు సంగతి. ఒకసారి ఒక అమ్మాయి మూడో ఏడాది రెన్యువల్ కోసం నా దగ్గరకు వచ్చింది. ఓటీపీ ఎంతకీ రావడం లేదు. స్క్రీన్ మీద కనిపిస్తున్న చివరి నాలుగు అంకెలు ఆమె ఇంట్లో ఎవరివీ కావు. అవి మొదటి ఏడాది ఫారం నింపిన ఇంటర్‌నెట్ సెంటర్ యజమానివి, ఆయన అప్పటికి షాపు ఎత్తేశాడు. ఆ నంబరు మార్పించడానికి జిల్లా కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరగవలసి వచ్చింది, ఈలోగా గడువు ముగిసే రోజు వచ్చేసింది. ఫారం ఎవరి చేత నింపించినా ఫర్వాలేదు, నంబరు, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వండి. గడువు పొడిగిస్తారులే అన్న ధీమా కూడా వద్దు. చాలాసార్లు పొడిగిస్తారు, కానీ పొడిగించిన రోజుల్లో సర్వర్ తెరుచుకోదు.

7. మిగతా స్కాలర్‌షిప్‌లను మీ పరిస్థితికి తగ్గట్టు ఎంచుకోండి

రీయింబర్స్‌మెంట్ అందనివారికీ, అందినా లోటు మిగిలేవారికీ ఈ దశ ముఖ్యం. కేంద్రానివి ఎక్కువగా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటాయి. అక్కడ ముందుగా వన్ టైమ్ రిజిస్ట్రేషన్ పూర్తిచేయాలి.

ఇంటర్ బోర్డులో 80వ పర్సెంటైల్ (80 శాతం మార్కులు కాదు, 80 శాతం మంది విద్యార్థుల కంటే పైన ఉండటం) దాటి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. మొదటి మూడేళ్లు ఏడాదికి 12 వేలు, నాలుగో ఏడాది 20 వేలు ఇస్తారు. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారు దీనికి అర్హులు కారు. అందుకే ఆదాయం 2 లక్షలు దాటి రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకున్న కుటుంబాలకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఏఐసీటీఈ ప్రగతి పథకం సాంకేతిక కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ఏడాదికి 50 వేలు ఇస్తుంది. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంటి నుంచి ఇద్దరు అమ్మాయిల వరకు అవకాశం ఉంటుంది. ఇదే మొత్తం దివ్యాంగులకు సక్షమ్, తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయినవారికి స్వనాథ్ పేర్లతో ఉంది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, నిజామాబాద్, సిరిసిల్ల వైపు కుటుంబాలు దీన్ని ఎందుకు వదిలేస్తాయో నాకు అంతుపట్టదు. మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500 వస్తుంది.

ప్రైవేటు సంస్థల్లో రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తుంది, మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి, ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. కోటక్ కన్యా స్కాలర్‌షిప్ వృత్తివిద్యా కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ఏడాదికి లక్షన్నర ఇస్తుంది. పోటీ గట్టిగా ఉన్నా దరఖాస్తుకు పోయేది ఒక సాయంత్రమే.

హెచ్చరికలు రెండు. ప్రభుత్వ పథకాలు రెండింటిని ఒకే ఏడాదికి కలిపి తీసుకుంటే తరువాత వసూలు చేస్తారు కనుక, రీయింబర్స్‌మెంట్ ఇచ్చే 35 వేలకు, ప్రగతి వంటి పథకం ఇచ్చే 50 వేలకు మధ్య ఏది లాభమో కాలేజీ సెక్షన్‌తో మాట్లాడి ఒకటే నిలుపుకోండి. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేది ఏదైనా సరే, అది స్కాలర్‌షిప్ కాదు.

8. మిగిలిన లోటును పూడ్చండి

ఇన్ని దశల తరువాత కూడా ఏడాదికి ముప్పై, నలభై వేలు మిగలవచ్చు. కాలేజీని రెండు, మూడు వాయిదాలు రాతపూర్వకంగా అడగండి, జూన్‌లో అడిగితే ఒప్పుకునేవారు అక్టోబరులో ఒప్పుకోరు. అమ్మాయి పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే, 18 ఏళ్లు నిండినా పదో తరగతి పూర్తయినా చదువు కోసం నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. ఉద్యోగి తల్లిదండ్రులు పీఎఫ్ నుంచి పిల్లల చదువుకు కొంత తీసుకునే వీలుంది. చీటీ కట్టేవారు రిజిస్టరైన సంస్థలోనే కట్టి, చీటీ పాట, కాలేజీ ఫీజు గడువుకు నెల ముందు పడేలా చూసుకోవాలి. నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి "బ్యాంకు అప్పు చేయలేదు" అనుకోవడం మాత్రం అప్పు చేయకపోవడం కాదు. అది ఏడాదికి 24 నుంచి 36 శాతం, విద్యారుణం కంటే చాలా ఎక్కువ.

రెండో ఏడాది నుంచి విద్యార్థి వారాంతాల్లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పినా బస్సు ఖర్చు వెళ్లిపోతుంది. అంతకుమించి పనిచేయించవద్దు, హాజరు 75 శాతానికి తగ్గితే రీయింబర్స్‌మెంటే ఆగిపోతుంది.

9. పని సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూసుకోండి

దరఖాస్తు పెట్టిన నెల తరువాత ఈపాస్‌లో స్టేటస్ తెరవండి. కాలేజీ పరిశీలన పూర్తయిందా, వేలిముద్ర నమోదైందా, జిల్లా అధికారి మంజూరు చేశారా అన్న మూడింటిలో ఎక్కడ ఆగితే అక్కడికే వెళ్లండి. నేషనల్ పోర్టల్‌లో "డిఫెక్టివ్" అని ఉంటే తిరస్కరించినట్లు కాదు, సవరించి మళ్లీ పంపమని అర్థం, అయితే దానికీ గడువు ఉంటుంది. ఎస్సీ విద్యార్థులకు 2021 నుంచి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కేంద్ర వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాకు పడుతుంది. అది కాలేజీ ఫీజు. ఫోన్ కొనుక్కొని తరువాత ఫీజు బాకీ పడ్డవారిని చూశాను, మెసేజ్ వచ్చిన వారంలోనే కాలేజీకి కట్టి రసీదు తీసుకోండి. రెండో ఏడాది నుంచి ప్రతి సంవత్సరం రెన్యువల్ పెట్టాలి, ఒకసారి మంజూరైతే నాలుగేళ్లూ దానంతట అదే వస్తుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

బకాయిలు ఆలస్యమైతే

ప్రభుత్వం నుంచి కాలేజీలకు డబ్బు ఏళ్ల తరబడి ఆలస్యమవుతుందన్నది అందరికీ తెలిసిందే, 2025 నవంబరులో ఈ బకాయిల మీదనే తెలంగాణ ప్రైవేటు కాలేజీలు మూతపడ్డాయి. ఆ ఒత్తిడి చివరికి విద్యార్థి మీద పడుతుంది. కాలేజీ ముందుగా ఫీజు కట్టమంటే, "రీయింబర్స్‌మెంట్ అందిన తరువాత తిరిగి ఇస్తాం" అన్న మాట రసీదు మీద రాయించుకోండి, లేకపోతే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. బకాయి సాకుతో కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ ఆదేశం ప్రతిని జతచేసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి, స్పందన లేకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు పంపండి.

అయినా ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడ్డప్పుడు న్యాయం కంటే సర్టిఫికెట్ ముందు కావాలి. అందుకే నేను రెండో ఏడాదిలోనే ఒక ఏడాది ప్రభుత్వ వాటాకు సమానమైన మొత్తం, ఉదాహరణలోని విద్యార్థికైతే 35 వేలు, చిన్న రికరింగ్ డిపాజిట్‌గా మొదలుపెట్టమంటాను. నెలకు 1,200 చొప్పున కడితే నాలుగో ఏడాది ముగిసేలోపే చేతికి వస్తుంది. బకాయి సకాలంలో వచ్చేస్తే ఆ డబ్బు మొదటి ఉద్యోగపు ఊళ్లో గది అడ్వాన్సుకు పనికొస్తుంది.